నేర్చుకునే వరుస, నేర్పే వరుస

చంద్రగిరి వంటి ఊళ్ళలో పిల్లవాడు ఇంటి గడప దాటి వెళ్ళిన తరువాత అతని చేత తొలిపాట పాడించే వ్యక్తి సాధారణంగా సంగీత విద్వాంసుడు కాడు. అంగన్‌వాడీ కార్యకర్తో, ఒకటో తరగతి ఉపాధ్యాయురాలో, భజన మందిరంలో చిడతలు పట్టించే పెద్దాయనో అయి ఉంటారు. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ వరకు ఉన్న పిల్లలకు పాట ఎంత సహజమో, ఆ పాటను చెప్పేవారి చెవి, గొంతు ఎంత స్థిరంగా ఉంటే పిల్లల చెవి అంత స్థిరపడుతుందన్నదీ అంతే నిజం. అందువల్ల సంగీతం వృత్తి కాని ఈ ఉపాధ్యాయులు సంగీతంలో ఎంత నేర్చుకోవాలి, ఏ క్రమంలో నేర్చుకోవాలి, నేర్చుకున్నదాన్ని అదే క్రమంలో పిల్లలకు చెప్పవచ్చునా అన్నవి చిన్న ప్రశ్నలు కావు. చివరి ప్రశ్నకు చెప్పదగిన జవాబు ‘కూడదు’ అన్నదే. పెద్దలు సంగీతాన్ని స్వరం నుంచి పాటకు వెళుతూ నేర్చుకోవడం మేలు, పిల్లలు పాట నుంచి స్వరానికి రావడం మేలు. ఈ రెండు వరుసలను ఒకటిగా భావించడం వల్లనే చాలా తరగతి గదుల్లో సంగీతం మొదటి నెలలోనే ఎండిపోతోంది.

ఈ ప్రాంతానికి సంగీతం కొత్త కాదు. విజయనగర సింహాసనాన్ని 1485లో చేజిక్కించుకున్న సాళువ నరసింహరాయల బలం చంద్రగిరి రాజ్యమే. రాజంపేట దగ్గరి తాళ్ళపాకలో 1408లో పుట్టి 1503 వరకు జీవించిన అన్నమాచార్యులను ఆ రాజు ఆదరించిన సంగతి, తన మీద పాట కట్టమని కోరితే ఆ కవి నిరాకరించిన సంగతి ఆయన మనుమడు చిన్నన్న రాసిన ద్విపద కావ్యం ద్వారా తెలుగువారందరికీ పరిచితమే. కొడుకు పెదతిరుమలాచార్యులు చెక్కించిన రాగిరేకులు తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో నాలుగు శతాబ్దాలు మూలపడి ఉండి, 1920లలో వెలుగు చూశాయి. రెండు వేలకు పైగా ఉన్న ఆ రేకుల మీద ప్రతి పాటకూ రాగం పేరు ఉంది కానీ స్వరం లేదు. అంటే మాట మిగిలింది, వరస పోయింది. మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు చెప్పి, ఆపైన తిరుపతి ప్రాచ్య పరిశోధన సంస్థకు వచ్చిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు ఆ పాటలకు మళ్ళీ స్వరాలు కూర్చవలసి వచ్చింది. నోటి నుంచి నోటికి పాకే పాట ఒక్క తరం మౌనంగా ఉంటే చాలు, దాని వరస పోతుందనడానికి ఇంతకన్న పెద్ద సాక్ష్యం తెలుగు నేల మీద దొరకదు.

చంద్రగిరి నుంచి పదిహేను కిలోమీటర్ల లోపే ఉన్న తిరుపతిలో దేవస్థానం వారి శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల 1959 నుంచి నడుస్తోంది. నాదస్వరం, డోలు నేర్పడానికి విడిగా పాఠశాల ఉంది. 1983లో ఏర్పడిన పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయంలో సంగీత శాఖ ఉంది. ఇవన్నీ గాయకులను, వాద్యకారులను తయారుచేసే చోట్లు. చిన్నపిల్లలకు పాట చెప్పబోయే ఉపాధ్యాయురాలికి కచేరీ చేసే శక్తి అవసరం లేదు. ఆమెకు మూడు సంగతులు పట్టుబడితే చాలు: ఎంచుకున్న శ్రుతిలో పాట చివరిదాకా నిలబడడం, ఎంచుకున్న నడకను తగ్గించకుండా, పెంచకుండా సాగించడం, విన్న చిన్న స్వర పదాన్ని గుర్తుపట్టి తిరిగి అనగలగడం. చూడడానికి కొంచెమే అనిపించే ఈ మూడింటి వెనుక కొన్ని నెలల సాధన ఉంటుంది.

శ్రుతి అంటే గాయకుడు తన పాటకు ఆధారంగా పెట్టుకునే స్వరస్థాయి, అంటే ఆధార షడ్జం. తంబురా మీటినా, శ్రుతిపెట్టె తెరిచినా, ఇప్పటి చేతిఫోనులోని తంబురా యాప్ నొక్కినా నిరంతరాయంగా వినిపించేది ఈ ఆధారమే. దక్షిణాదిన దీన్ని హార్మోనియం మెట్ల లెక్కతో చెబుతారు. సప్తకంలోని మొదటి తెల్ల మెట్టును షడ్జంగా పెట్టుకుంటే ఒకటో శ్రుతి, దాని పక్కనున్న నల్ల మెట్టును పెట్టుకుంటే ఒకటిన్నర, రెండో తెల్ల మెట్టయితే రెండు, ఇలా ఏడు వరకు లెక్క సాగుతుంది. మగవారు ఎక్కువగా ఒకటి, రెండు మధ్యలోను, స్త్రీలు ఐదు, ఆరు మధ్యలోను హాయిగా పాడతారు. పిల్లల గొంతు ఈ రెండింటికీ భిన్నం. వారి స్వరతంతువులు పొట్టివి, సన్ననివి కనుక కింది స్వరాలు పలకవు. సాధన లేదు కనుక మరీ పై స్వరాలు అరుపుగా మారతాయి. నాలుగైదేళ్ళ పిల్లలు ఒత్తిడి లేకుండా పాడగలిగే మేర ఐదారు స్వరాలకు మించదు, ఆ మేర ఎక్కడ ఉందో కనిపెట్టడమే చెప్పేవారి మొదటి పని.

దీనికి ప్రతి బడిలోను రోజూ జరిగే ఒక ఉదాహరణ ఉంది. జనగణమన వరస షడ్జం కింది నిషాదం నుంచి పై షడ్జం దాకా, అంటే ఒక స్థాయిని కొంచెం మించి వ్యాపిస్తుంది; గీతం చివర జయధ్వానం మొదలయ్యే చోటే పై షడ్జం తగులుతుంది. ఒక ఉపాధ్యాయుడు తనకు అలవాటైన ఒకటి లేదా రెండో శ్రుతిలో గీతాన్ని ఎత్తుకున్నాడనుకుంటే, ఆయన గొంతుకు అది కిందిస్థాయి. పిల్లలు దాన్ని అందుకోవడానికి ఒక స్థాయి పైకి వెళ్ళవలసి వస్తుంది కనుక, జయధ్వానం దగ్గరికి వచ్చేసరికి సగం మంది కేకలోకి, సగం మంది మౌనంలోకి జారుకుంటారు. ఐదో శ్రుతిలో ఉపాధ్యాయురాలు ఎత్తుకుంటే పరిస్థితి తిరగబడి, మొదటి పాదాలే చిన్నపిల్లల గొంతు అడుగున చిక్కుకొని గొణుగుడుగా వినిపిస్తాయి. ఆమె ఆరుకో ఆరున్నరకో జరిగితే ఎక్కువమందికి పైనా కిందా రెండూ చాలావరకు అందుతాయి. పిల్లలకు ‘గట్టిగా పాడండి’ అని చెప్పే ముందు ఎక్కడ ఎత్తుకున్నామో చూసుకోవడం ధర్మం. గొంతు లేదని ముద్ర పడిన పిల్లల్లో చాలామంది తప్పు శ్రుతిలో పాడించబడిన పిల్లలే.

ఈ గీతం ప్రసక్తిలో మరో మాట చెప్పుకోవలసి ఉంది. అప్పటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లెకు 1919 ఫిబ్రవరిలో వచ్చిన రవీంద్రనాథ ఠాగూరు బిసెంట్ థియొసాఫికల్ కళాశాలలో కొద్ది రోజులు ఉండి, అక్కడే ఆ గీతానికి ఇంగ్లీషు అనువాదం చేశారు. కళాశాల ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ ఐర్లండులో సంగీతంలో పట్టా పొందిన విదుషి. ఠాగూరు పాడగా విని, విద్యార్థులతో పాడించి, ఆ వరసను ఆమె స్వరలిపిలోకి ఎక్కించారు. కోట్ల మంది పిల్లలు పాడే వరస కాగితం మీదికి వచ్చిన సందర్భాల్లో ఒకటి ఈ ప్రాంతంలోనే, ఒక ఉపాధ్యాయ కుటుంబం చేతి మీదుగా జరగడం, పాట చెప్పేవారికి స్వరం రాయడం, చదవడం ఎందుకు కావాలో చెప్పడానికి అందివచ్చిన ఆధారం.

స్వరాల సంగతికి వస్తే, సరిగమపదని అన్న ఏడు పేర్లు ఎవరికైనా తెలుసు. ఆ పేర్ల వెనుక ఉన్నది ఎత్తుల మధ్య సంబంధమే తప్ప స్థిరమైన ఎత్తులు కావన్న సంగతి మాత్రం కొత్తగా నేర్చుకునేవారికి త్వరగా తెలియదు. షడ్జం సెకనుకు 240 కంపనాలతో పలికితే పంచమం 360 దగ్గర, పై షడ్జం 480 దగ్గర పలుకుతాయి. షడ్జాన్ని 260కి జరిపితే మిగిలినవన్నీ అదే నిష్పత్తిలో జరుగుతాయి. షడ్జ పంచమాలకు మార్పు లేదు. రిషభ, గాంధార, మధ్యమ, ధైవత, నిషాదాలకు ఎక్కువ తక్కువ భేదాలు ఉండడం వల్ల ఒక స్థాయిలో 12 స్వరస్థానాలు, వాటికి 16 పేర్లు ఏర్పడ్డాయి. 17వ శతాబ్దంలో తంజావూరులో వేంకటమఖి ఈ పేర్ల కలయికలతో 72 మేళాలను, అంటే ఏడేసి స్వరాల మూల వరుసలను లెక్కగట్టాడు. ఈ లెక్క మొత్తం ఉపాధ్యాయురాలికి కంఠస్థం కానక్కరలేదు. 72లో రెండు మేళాలు గొంతుకు పట్టినా ఆమె పని జరుగుతుంది.

ఆ రెంటిలో ఒకటి మాయామాళవగౌళ. సంప్రదాయం సంగీత పితామహుడని గౌరవించే పురందరదాసు, 16వ శతాబ్ది విజయనగర కాలంవాడు, తొలి అభ్యాసాలను ఈ రాగంలో ఏర్పరచాడని కర్ణాటక సంగీత లోకం చెప్పుకుంటుంది. ఈ మేళం వరుసలో 15వది. షడ్జం నుంచి మధ్యమం వరకు స్వరాల మధ్య దూరాలు ఎలా ఉన్నాయో, పంచమం నుంచి పై షడ్జం వరకు అచ్చంగా అలాగే ఉంటాయి. హార్మోనియం మెట్ల మీద వేలు పెట్టి చూస్తే మొదట ఒక మెట్టు జరుగు, తరువాత మూడు మెట్ల దూకు, మళ్ళీ ఒక మెట్టు జరుగు, ఈ ఆకారమే రెండు భాగాల్లోను కనిపిస్తుంది. కింది సగం వచ్చినవారికి పై సగం దానంతట అదే వస్తుంది. పైగా పక్క పక్క స్వరాలను అతికించకుండా విడిగా పలకడం, దూరపు స్వరాన్ని తడుముకోకుండా అందుకోవడం రెండూ ఒకే రాగంలో అలవాటవుతాయి.

అభ్యాసాల క్రమం సరళి వరుసలతో మొదలవుతుంది. ఆరోహణ, అవరోహణ అంటే స్వరాలను ఎక్కడం, దిగడం. ఆ మెట్లను తిన్నగాను, మధ్యలో ఆగి వెనక్కి తిరిగీ ఎక్కించేవి సరళి వరుసలు. ప్రతి స్వరాన్ని రెండుసార్లు, రెండోదాన్ని నొక్కి పలికించేవి జంట వరుసలు. ఒక స్వరాన్ని విడిచి మరొకదాని మీదికి దుమికించేవి దాటు వరుసలు. వాటి తరువాత ఏడు తాళాల్లో సాగే అలంకారాలు, ఆపైన మలహరి రాగంలోని పిళ్ళారి గీతాలు. ప్రతి వరుసనూ మూడు కాలాల్లో, అంటే తాళం వేగం మార్చకుండా ఒక దెబ్బకు ఒక స్వరం, రెండు స్వరాలు, నాలుగు స్వరాలు చొప్పున పాడాలి. ఈ పాఠాలు అచ్చులోకి వచ్చింది కూడా ఎక్కువగా తెలుగు లిపిలోనే. 19వ శతాబ్దిలో మద్రాసులో తచ్చూరు సింగరాచార్యులు సోదరులు వేసిన పుస్తకాలు, ఎట్టయపురం నుంచి 1904లో సుబ్బరామ దీక్షితులు వెలువరించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగు అక్షరాలలోనే ఉన్నాయి. తమిళ దేశంలో పాట నేర్చుకునేవారు కూడా ఆ రోజుల్లో తెలుగు చదవడం నేర్చుకోవలసి వచ్చేది.

పాట చెప్పబోయే పెద్దలకు ఈ దారి తప్పదు. పద్నాలుగు సరళి వరుసలు, ఐదారు జంట వరుసలు ఒకే శ్రుతిలో మూడు కాలాల్లో స్థిరంగా వచ్చేలోపు, నేర్చుకునేవారికి తెలియకుండానే చెవి దిద్దుకుంటుంది; గొంతు ఎక్కడ కిందికి జారుతోందో వారికే వినిపించడం మొదలవుతుంది. మొదటి నెలల్లో మాటలు లేకుండా అకారంతో పాడడం, తంబురా నాదంలో షడ్జాన్ని శ్వాస అయిపోయేదాకా పట్టి ఉంచడం నీరసమైన పనులే. రోజుకు అరగంట చొప్పున ఆరు నెలలు ఆ నీరసాన్ని భరించిన ఉపాధ్యాయురాలు, ఆదివారం ఒక్కరోజే మూడు గంటలు సాధన చేసేవారి కంటే చాలా ముందు ఉంటుంది. ఎదురుగా కూర్చొని తప్పు చెప్పే గురువు వారానికి ఒక్కసారైనా దొరకడం మంచిది, ఎందుకంటే ఫోనులోని పాఠం ఎంత చక్కగా వినిపించినా అది వినలేదు.

అయితే ఇదే సరళి వరుసను నాలుగేళ్ళ పిల్లవాడి ముందు పెట్టడం వేరే సంగతి. మాయామాళవగౌళలో షడ్జానికీ శుద్ధ రిషభానికీ మధ్య ఉన్నది ఒకే మెట్టు. ఆ సన్నని తేడా చిన్నపిల్లల గొంతులో సాధారణంగా నిలవదు, రెండూ ఒకటిగా కలిసిపోతాయి. ఆ రిషభం తరువాత వెంటనే మూడు మెట్ల దూకు వస్తుంది, అది వారికి ఊతం లేని గెంతు. అర్థం లేని అక్షరాలను కదలకుండా కూర్చొని వల్లించమనడం ఆ వయసుకు తగదు. గురుకుల పద్ధతిలో ఏడెనిమిదేళ్ళ వయసు వచ్చి, అప్పటికే ఇంట్లో గుడిలో పాట వింటూ పెరిగిన పిల్లలకు ఈ వరుసలు మొదలుపెట్టేవారన్నది మరచిపోరాదు. వారి చెవికి పాట ముందే తెలుసు. వరుసలు ఆ తెలిసినదాన్ని క్రమబద్ధం చేశాయి. నేటి తరగతి గదిలో ఆ వినికిడిని ఇచ్చే బాధ్యత కూడా ఉపాధ్యాయురాలిదే అయింది.

చిన్నపిల్లలకు అనువైన స్వరాలు పెద్ద పెద్ద అడుగులతో ఉన్నవి. షడ్జం, చతుశ్శ్రుతి రిషభం, అంతర గాంధారం, పంచమం, చతుశ్శ్రుతి ధైవతం అనే ఐదు స్వరాల మోహన రాగంలో ఒకే మెట్టు దూరంలో ఉన్న జంట ఎక్కడా లేదు కనుక, దొర్లిపోయే ప్రమాదం తక్కువ. ఆటపాటలు, జోలలు చాలావరకు మూడు నాలుగు స్వరాలలోనే తిరుగుతాయి. జనగణమన ఎత్తుగడ కూడా షడ్జం, రిషభం మీదుగా గాంధారానికి ఎక్కి అక్కడ చాలాసేపు నిలుస్తుంది. ఆ మూడు స్వరాలు రోజూ పాడుతున్న పిల్లలకు ‘సరిగ’ అన్న పేర్లు ఎప్పుడో ఒకరోజు చెబితే, అవి కొత్త పాఠంగా కాక, తెలిసిన వస్తువుకు పెట్టిన పేరుగా అందుతాయి. ఉపాధ్యాయురాలు నేర్చుకోవలసిన రెండో మేళం ఇందుకే 29వదైన ధీర శంకరాభరణం కావాలి. మోహనం ఐదు స్వరాలూ, జాతీయ గీతం స్వరాలు దాదాపు అన్నీ ఆ మేళంలో ఉన్నాయి.

లయ సంగతిలో ఈ ప్రాంతానికి ఉన్న సొత్తు చాలా పెద్దది. లయ అంటే సమానమైన ఎడంతో సాగే నడక. ఆ నడకను కొన్ని దెబ్బల ఆవర్తంగా, అంటే తిరిగి తిరిగి వచ్చే చుట్టుగా కట్టేది తాళం. ఆదితాళంలో ఒక దెబ్బ, చిటికెన వేలి నుంచి మూడు వేళ్ళ లెక్క కలిసి నాలుగు అక్షరాల లఘువు; దాని తరువాత దెబ్బ, విసురు కలిసిన ద్రుతాలు రెండు; మొత్తం ఎనిమిది. ఇది పుస్తకాల లెక్క. చిత్తూరు సీమ పల్లెల్లో చెక్కభజన చేసేవారు, కోలాటం ఆడేవారు ఈ లెక్క పేరు ఎత్తకుండానే దాన్ని కాళ్ళతో చేసి చూపిస్తారు. చెక్కభజనలో చేతి చెక్కలకు బిగించిన చిన్న తాళాలు మోగుతూ ఉండగా వలయంగా తిరుగుతారు. గొంతు పాట పాడుతుంది, చేయి తాళం వేస్తుంది, కాలు అడుగు వేస్తుంది, ఈ మూడూ ఒకదానికొకటి అడ్డు రాకుండా సాగాలి. కోలాటంలో కోపు మారినప్పుడు, అంటే ఆట పద్ధతి మారినప్పుడు నడక మారుతుంది, మారిన నడకను అందరూ ఒక్క దెబ్బలో పట్టుకోవాలి. సంగీత కళాశాలలో రెండేళ్ళు చదివినా కొందరికి పట్టుబడని ఈ ఏకాగ్రత, వేసవి రాత్రులలో దీపాల కింద ఆడే పల్లె యువకులకు సహజంగా వస్తుంది. చిన్నపిల్లలకు పాట చెప్పబోయేవారు హార్మోనియం కొనే ముందు ఒక భజన బృందం గురువు దగ్గర కొన్ని వారాలు చిడతలు పట్టడం నేర్చుకుంటే వారి సంగీతానికి కాళ్ళు వస్తాయి.

నడకలకు సంప్రదాయంలో పేర్లు ఉన్నాయి. దెబ్బకు మూడు చొప్పున నడిస్తే తిశ్రం, నాలుగైతే చతురశ్రం, ఐదు ఖండం, ఏడు మిశ్రం. ఈ పేర్లు కొత్తవైనా నడకలు తెలుగు ఉపాధ్యాయులకు పాతవే. గురజాడ అప్పారావు ముత్యాల సరాలు మూడు, నాలుగు మాత్రల గణాలు మార్చి మార్చి వచ్చే ఏడు మాత్రల మిశ్రగతి. ఆ పద్యాలను తరగతిలో ఊపుతో చదివి వినిపించే ఉపాధ్యాయుడు తనకు తెలియకుండానే మిశ్రచాపు తాళానికి దగ్గరగా నిలబడి ఉంటాడు. తెలుగు పద్యం మాత్రల లెక్క తెలిసినవారికి సంగీతంలో సగం లెక్క ముందే తెలిసినట్టు. భాష చెప్పేవారినీ పాట చెప్పేవారినీ వేరు మనుషులుగా చూసే అలవాటు బడులకు ఎలా వచ్చిందో కానీ, ఆ గోడ ప్రాథమిక తరగతుల్లో అనవసరం.

పిల్లల లయ గురించి ఉపాధ్యాయులు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. మూడు నాలుగేళ్ళ పిల్లల్లో చాలామంది బయటి తాళానికి తమ చప్పట్లను నిలకడగా కలపలేరు. వారి సొంత నడక పెద్దల నడక కంటే వేగంగా ఉంటుంది. ఏడేళ్ళు వచ్చేసరికి ఈ శక్తి చాలావరకు కుదురుతుంది. అందుకని మొదట్లో పిల్లలను ఉపాధ్యాయురాలి తాళానికి లాగడం కంటే, పిల్లలు నడుస్తున్న వేగాన్ని చూసి ఆమె తన పాటను ఆ వేగానికి మార్చుకోవడం, కొన్ని వారాల తరువాత కొంచెం కొంచెంగా తన నడకకు వారిని తీసుకురావడం ఫలిస్తుంది. చెమ్మచెక్క, ఒప్పులకుప్ప వంటి ఆటలు ఈ పనిని ఎప్పటి నుంచో చేస్తున్నాయి; చేతులు కలిస్తేనే ఆట సాగుతుంది కనుక, తాళం తప్పిన పిల్లవాడిని దిద్దేది ఉపాధ్యాయురాలు కాదు, ఎదుటి పిల్లవాడి అరచేయి.

సంగీతం రానివారిని సంగీతం చెప్పేవారిగా తయారుచేయడం అన్న ప్రశ్న ఇతర దేశాలకూ ఎదురైంది. ఇంగ్లండులో 1841లో హల్ పట్టణంలో జరిగిన ఆదివారపు బడుల ఉపాధ్యాయుల సమావేశం, పిల్లలకు పాట నేర్పే తేలిక మార్గం కనిపెట్టమని జాన్ కర్వెన్ అనే యువ మతబోధకుణ్ణి కోరింది. ఆయన సంగీతజ్ఞుడు కాడు; స్వరలిపి చదవడం ఆయనకే కష్టంగా ఉండేది. నారిచ్ పట్టణంలో సారా గ్లోవర్ అనే ఉపాధ్యాయురాలు తన బడిపిల్లల కోసం స్వరాలకు అక్షరాలు పెట్టి నడుపుతున్న పద్ధతిని చూసి, ముందు దానితో తాను నేర్చుకొని, ఆపైన దాన్ని విస్తరించి, ప్రతి స్వరానికి ఒక చేతి ముద్రను కూడా జోడించాడు. ఆ పద్ధతిలో మొదటి స్వరం ఏ ఎత్తులోనైనా ఉండవచ్చు, మిగిలినవి దాన్ని బట్టి నడుస్తాయి. అంటే తెలుగువారు పుట్టుకతో ఎరిగిన షడ్జం భావనే అది. ఆ ముద్రలనే 20వ శతాబ్దంలో హంగేరీ స్వరకర్త జోల్తాన్ కొడాయ్ ఆలోచనలను ఆదర్శంగా తీసుకున్న బడి సంగీత విధానం వాడుకుంది. హంగేరీ పల్లెపాటలలోని ఐదు స్వరాల వరసలతో పాఠం మొదలుపెట్టి, పాట పూర్తిగా వచ్చాకనే దాని స్వరాలకు పేర్లు చెప్పడం ఆ విధానం ప్రాణం. జపానులో షినిచి సుజుకీ మరొక మెట్టు వెనక్కి వెళ్ళి, పిల్లవాడి చేతికి వయొలిన్ ఇచ్చే ముందు అతని తల్లికి ఒక పాట వాయించడం నేర్పించాడు. మాట నేర్చినట్టే సంగీతం కూడా దగ్గరి మనిషి నుంచే అంటుతుందన్నది ఆయన నమ్మకం. కొడాయ్ పుస్తకాలు తెప్పించుకొని హంగేరీ పాటలకు తెలుగు మాటలు అతికించడం ఆయన ఉద్దేశానికే విరుద్ధం. ఆయన వెతికింది తన ఊరి పాటను. చంద్రగిరిలో ఆ పని చేసేవారు స్వర్ణముఖి ఒడ్డు పల్లెల్లో ఆడవారు పాడే గొబ్బి పాటలను, జోలలను వినాలి.

తొలి ఏడాది తరగతిలో ఏమి పాడాలన్న ఎంపికలో కొంత నిర్మొహమాటం అవసరం. సినిమా పాటలు పిల్లలకు ఇష్టమే, అయితే వాటి వరస ఒకటిన్నర స్థాయి పరుగెత్తడం వల్లా, పిల్లల నడకకు అందని వేగం వల్లా వాటిని పాడించడం అంటే ఎక్కువభాగం అరిపించడమే అవుతుంది. వినడానికీ గెంతడానికీ వాటిని ఉంచుకోవచ్చు. అన్నమాచార్యుల సంకీర్తనల్లో గొబ్బి, కోలాటం, లాలి, జోల వంటి జానపద ఫణితులు ఉన్నాయి. పల్లవి తిరిగి తిరిగి వచ్చే వాటి కట్టడం, చరణాన్ని ఉపాధ్యాయురాలు పాడి పల్లవిని పిల్లలకు వదలడానికి అనుకూలం. మూడేళ్ళ పిల్లవాడికి పల్లవి మొత్తం కూడా అక్కరలేదు, చివరి మాట అందుకున్నా అతను పాడినట్టే లెక్క. అన్ని మతాల పిల్లలూ, ఇంట్లో తమిళమో ఉర్దువో మాట్లాడే పిల్లలూ కలిసి కూర్చునే ఈ సరిహద్దు సీమ తరగతిలో ఆటపాటలు, అంకెల పాటలు, వాన పాటలు ముందుండడం సబబు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా నడిపిన బాలల కార్యక్రమాలు తెలుగులో పిల్లల కోసమే పాటలు రాయించే ఒరవడి పెట్టాయి. అటువంటి పాటల పుస్తకాలు ఇప్పుడు బడి అలమరల్లో కనిపించడం తగ్గింది.

చెప్పే తీరులో నాలుగు జాగ్రత్తలు ఫలితాన్ని మారుస్తాయి. ఉపాధ్యాయుడు పురుషుడైతే ఆయన గొంతు పిల్లల కంటే ఒక స్థాయి కింద ఉంటుంది కనుక, చిన్నపిల్లలు దాన్ని అందుకోలేక తడబడతారు. అప్పుడు హార్మోనియం మెట్టు నొక్కి చూపడమో, బాగా పాడే పెద్ద తరగతి అమ్మాయి చేత ముందు పాడించడమో చేయాలి. పాటను ఎప్పుడూ పిల్లలతో కలిసి పాడుతూనే ఉంటే వారు ఆమె గొంతు మీద ఆనుకుంటారు. ఒక పాదం ఆమె పాడి ఆగి, అదే పాదాన్ని వారి నోట వినాలి, ఎందుకంటే వినడం కూడా చెప్పేవారి పనే. స్వరం కలవని పిల్లవాడిని వేరుచేసి దిద్దకుండా, బాగా కలిసే ఇద్దరి మధ్య కూర్చోబెట్టాలి. మాటను పాటలాగా, పాటను మాటలాగా అనేస్తూ స్వరం పట్టని పిల్లలు ఈ వయసులో ప్రతి తరగతిలో ఉంటారు, వారిలో ఎక్కువమంది రెండు మూడేళ్ళలో సర్దుకుంటారు. ఇక జలుబు చేసిన రోజున, గొంతు బొంగురుపోయిన రోజున పాట మాని చప్పట్లతో, అడుగులతో లయ ఆటలు ఆడించడం మేలు. ఇది పిల్లలకే కాదు, రోజంతా అరచి చెప్పే వృత్తిలో ఉన్న ఉపాధ్యాయులకూ వర్తిస్తుంది.

తన సాధన ఎంతవరకు వచ్చిందో ఉపాధ్యాయురాలు తానే చూసుకోవడానికి ఖర్చు లేని ఉపాయం ఒకటి ఉంది. జనగణమన చివరి పాదం, ఎక్కిన మెట్లన్నీ దిగివచ్చి, మొదటి పాదం ఎత్తుకున్న షడ్జం మీదనే మళ్ళీ మొదలవుతుంది. శ్రుతిపెట్టె కట్టేసి, తరగతితో పాటు గీతం పాడి, ఫోనులో రికార్డు చేసి, మొదటి అక్షరం దగ్గర పలికిన షడ్జాన్ని, చివరి పాదం తొలి అక్షరం దగ్గర పలికిన షడ్జాన్ని హార్మోనియం మెట్ల మీద వెతికి పోల్చాలి. మొదటి నెలలో రెంటి మధ్య రెండు మెట్ల తేడా ఉండవచ్చు, అది ఎక్కువసార్లు కిందికే ఉంటుంది. ఆరు నెలల సరళి వరుసల తరువాత అదే గీతాన్ని అదే పిల్లలతో పాడించి మళ్ళీ పోల్చినప్పుడు, ఆ తేడా ఒక మెట్టుకు తగ్గి ఉంటే ఆమె చెవి దారిలో పడినట్టు. రెండు షడ్జాలూ ఒకే మెట్టు మీద పడితే, అప్పటికి తరగతిలోని కొందరు పిల్లలవి కూడా అక్కడే పడుతూ ఉంటాయి.